అండమాన్ లెక్కల్లో రెండు సున్నాలు

పాత ఎర్ర రంగు ఇరవై రూపాయల నోటు వెనక ఒక బొమ్మ ఉంటుంది. ముందు కొబ్బరి చెట్లు, వాటి మధ్య నుంచి సముద్రం, అవతల ఒక కొండ, ఒక లైట్‌హౌస్. అది అండమాన్. పోర్ట్ బ్లెయిర్ ఊరి ఒడ్డున నిలబడి నార్త్ బే వైపు చూస్తే కనిపించే దృశ్యం. ఇప్పుడు ఆ నార్త్ బేలోనే పర్యాటకులు డబ్బు కట్టి, అద్దం అడుగున్న పడవల్లోంచి పగడాలను చూసి వస్తారు. చాలా ఏళ్ల పాటు దేశంలో కూలి డబ్బులు అందుకున్న ప్రతి చెయ్యీ ఆ సముద్రాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

నోటు మీద లేనిది బొమ్మ తీసినవాడి వీపు వెనక ఉన్న ఊరు. లక్షకు పైగా జనం, హోటళ్లు, ఆఫీసులు, రేవు. ఆ ఊరి మరుగుదొడ్ల నీళ్లు, వంటిళ్ల నీళ్లు ఎటు పోతాయి? అబర్డీన్, ఫీనిక్స్ బే, జంగ్లీఘాట్ వైపు వాలే కాలువల్లోంచి అదే సముద్రంలోకి. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆ ఊరికి శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టింది. పేరు మార్చడానికి ఒక ప్రకటన చాలింది. కాలువను మార్చడానికి అంత తొందర ఎవరికీ కనిపించలేదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో దేశంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల లెక్క తీసింది. అండమాన్ నికోబార్ పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగునీరు 23 ఎమ్మెల్డీ. అంటే రోజుకు 2 కోట్ల 30 లక్షల లీటర్లు. పక్క గడిలో, శుద్ధి చేసే సామర్థ్యం దగ్గర, ఉన్న అంకె సున్నా. లక్షద్వీప్‌దీ అదే కథ. దేశంలో పగడపు దిబ్బలకు పెట్టింది పేరైన రెండు కేంద్రపాలిత దీవులకూ ఆ గడిలో సున్నాయే.

ఇది మొదటి సున్నా. రెండోది వేరే పుస్తకంలో ఉంది. 2011 జనగణనలో అండమాన్ నికోబార్ జనాభా 3 లక్షల 80 వేలు. అందులో షెడ్యూల్డ్ కులాల జనాభా సున్నా. ఒక్కరు కూడా లేరు. ఎందుకంటే ఆ దీవులకు ఎస్సీ కులాల జాబితాను రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎన్నడూ ప్రకటించలేదు. లక్షద్వీప్‌లోనూ ఆ జాబితా లేదు. కానీ అక్కడి స్థానికులు దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగల కింద నమోదయ్యారు, కనుక ఆ సంగతి వేరు. అండమాన్ వేరు. అది దేశం నలుమూలల నుంచి వలస వచ్చిన జనంతో నిండిన ఊరు.

పర్యావరణం గురించి రాసేవాళ్లు మొదటి సున్నా గురించి రాస్తారు. రెండో సున్నా గురించి ఎవరూ రాయరు. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే సున్నా.

ముందు సముద్రం సంగతి. పగడం రాయి కాదు, చెట్టు కాదు. చిన్న చిన్న జంతువులు వేలాదిగా అతుక్కుని బతుకుతూ సున్నపు గూళ్లు కట్టుకుంటూ పోతే దిబ్బ అవుతుంది. ఆ జంతువు ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఎండను పట్టి తిండి తయారుచేసి పెట్టేది అదే. అందుకే పగడానికి తేట నీళ్లు కావాలి, వెలుతురు కావాలి. ఎరువు లేని నీళ్లు కావాలి. రైతుకు ఈ మాట వింతగా ఉండొచ్చు గానీ పగడం పెరిగేది పోషకాలు తక్కువగా ఉన్న నీళ్లలోనే. మురుగునీటిలో ఏముంటుంది? నత్రజని, భాస్వరం. మనం పొలంలో సంచులు కొని చల్లేది అదే. యూరియా ఎక్కువైన చేలో కలుపు ముందు లేచినట్టు, మురుగు కలిసిన సముద్రంలో పెద్ద నాచు ముందు లేస్తుంది. అది పగడం మీద పరుచుకుని వెలుతురు ఆపుతుంది. బురద రేణువులు పైన పేరుకుంటాయి. కొత్తగా పుట్టిన పగడపు పిల్లకు అతుక్కోవడానికి శుభ్రమైన రాతి చోటు దొరకదు.

మురుగులోని క్రిములు కూడా ఊరుకోవు. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల దగ్గర దుప్పి కొమ్ముల్లా పెరిగే పగడాలకు తెల్ల మచ్చల జబ్బు వచ్చి దిబ్బలకు దిబ్బలు చచ్చాయి. ఆ జబ్బు తెచ్చిన బ్యాక్టీరియా మనిషి మలం నుంచే వచ్చిందని 2011లో శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి రుజువు చేశారు. మనిషి పేగులోంచి సముద్రపు జంతువుకు జబ్బు పాకిందన్నమాట. ఆ దీవుల్లో సెప్టిక్ ట్యాంకులూ గుంటలూ తీసేసి, నత్రజనినీ భాస్వరాన్నీ కూడా తొలగించే శుద్ధికి మారాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. చాలా ఖర్చయింది, గడువులు దాటాయి, జనం బిల్లుల మీద గొడవపడ్డారు. అయినా చేశారు.

హవాయిలో కనేయోహే అనే అఖాతం ఉంది. 1970ల దాకా ఊరి మురుగును అందులోకే వదిలేవారు. పచ్చటి బుడగల్లాంటి నాచు పగడాలను మింగేసింది. 1977-78లో ఆ గొట్టాలను అఖాతం నుంచి బయటి లోతు సముద్రంలోకి మళ్లించారు. ఆ తర్వాత నాచు వెనక్కు తగ్గింది, పగడాలు మళ్లీ పెరిగాయి. పగడాల శాస్త్రం చదివే ప్రతివాళ్లకూ ఈ ఉదాహరణ తెలుసు. మురుగు ఆపితే దిబ్బ కోలుకుంటుందని కళ్లముందు కనిపించింది కనుక.

అండమాన్ పగడాలను చంపుతున్నది మురుగు ఒక్కటే అని నేననను. 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబోయాయి. ఆ వేడి పోర్ట్ బ్లెయిర్ మునిసిపాలిటీ చేతిలో లేదు. కానీ జ్వరం వచ్చినవాడికి కనీసం మంచినీళ్లు ఇవ్వాలి కదా. వేడి దెబ్బ తిన్న దిబ్బ తేరుకుంటుందా లేదా అన్నది దాని చుట్టూ ఉన్న నీళ్ల మీద కూడా ఆధారపడుతుంది. భూగోళం వేడెక్కడాన్ని పోర్ట్ బ్లెయిర్ ఆపలేదు. తన కాలువను ఆపగలదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం దగ్గర ఆగాలి. దీన్ని ఇంజనీర్లకు వదిలేస్తే మోసపోతాం. శుద్ధి కేంద్రం కట్టగానే పగడాలు బతకవు. మామూలు కేంద్రం చేసే పని మురుగులోని కుళ్లే పదార్థాన్ని తగ్గించడం, కొన్ని క్రిములను చంపడం. నత్రజనిని తీయాలంటే గాలి ఆడని ఇంకో దశ కావాలి, దానికి ఖర్చు వేరు. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ దేశమంతటికీ ఇచ్చిన ప్రమాణాల్లో నత్రజనికీ భాస్వరానికీ పరిమితే పెట్టలేదు. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ ప్రమాణాలు చాలవని, లీటరుకు మొత్తం నత్రజని 10 మిల్లీగ్రాములు, భాస్వరం 1 మిల్లీగ్రాము మించకూడదని చెప్పింది. పగడం పక్కన ఉన్న ఊరికి ఈ రెండో లెక్కే లెక్క. రేపు పోర్ట్ బ్లెయిర్‌లో ఏ మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించినా అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది నత్రజనిని తీస్తుందా అని.

ఇప్పుడు రెండో సున్నాకు వద్దాం.

దేశం మొత్తం మీద పట్టణాల్లో రోజుకు 72,368 ఎమ్మెల్డీ మురుగునీరు పుడుతుంటే నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 మాత్రమే. అదే 2021 నివేదిక చెప్పిన లెక్క. నూటికి 28. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా, అణు విద్యుత్తు, ఉపగ్రహాలు, చంద్రుడి మీద దిగడం అన్నీ చేతనైన దేశానికి మలం శుద్ధి చేయడం ఎందుకు చేతకాలేదు? డబ్బు లేక కాదు, ఇంజనీర్లు లేక అంతకన్నా కాదు. ఈ దేశానికి వేల ఏళ్లుగా ఒక శుద్ధి కేంద్రం ఉచితంగా అందుబాటులో ఉంది. దాని పేరు కులం. మలాన్ని ఎత్తడానికి, మోయడానికి, కళ్లకు కనిపించని చోట పారేయడానికి పుట్టుకతోనే కొందరిని కేటాయించిన వ్యవస్థకు యంత్రం అవసరం రాదు. పాకీ పని చేయడం వల్ల ఒకరు పాకీవారు కావడం లేదని, ఆ పని చేసినా చేయకపోయినా పుట్టుకే వారిని అలా చేస్తోందని బాబాసాహెబ్ వాదించారు. మురుగునీటి ప్రణాళికలు రాసే ఏ సంస్థా ఈ ముక్కను తన నివేదికలో పెట్టుకోదు.

కేంద్రం నమస్తే పథకం కింద మురుగు కాలువలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేసే కార్మికుల వివరాలు సేకరించింది. 2024 నాటికి నమోదైన సుమారు 38 వేల మందిలో 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే. ఎస్సీలే దాదాపు 69 శాతం. ఇది మనం చెప్పిన లెక్క కాదు, ప్రభుత్వం చెప్పిన లెక్క. ఇదే ప్రభుత్వం 2021లో పార్లమెంటులో మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చనిపోయినవాళ్లు ఎవరూ లేరని చెప్పింది. మ్యాన్‌హోళ్లలో చచ్చిపోయినవాళ్లది ‘ప్రమాదకర శుభ్రత’ అట, పేరు వేరు అట. సున్నాలు రాయడం ఈ రాజ్యానికి బాగా తెలుసు.

సరే, ఇప్పుడు శ్రీకాకుళం తీరం నుంచో విశాఖ నుంచో ఒక రెల్లి కుటుంబం ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగిందనుకుందాం. ఇది ఊహ మాత్రమే, కానీ అసాధ్యమైన ఊహ కాదు. అండమాన్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 లెక్క ప్రకారం జనాభాలో సుమారు 13 శాతం, అటూ ఇటూగా యాభై వేల మంది. బెంగాలీ, తమిళం, హిందీలతో పాటు అక్కడి వీధిలో వినిపించే భాష మనది. జంగ్లీఘాట్ దగ్గర చేపల వేటే బతుకైన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు తరాలుగా ఉన్నారు. ఆంధ్రలో రెల్లి కులం ఎస్సీ. విశాఖ, విజయవాడ వీధులు తెల్లవారేసరికి ఊడ్చి ఉన్నాయంటే ఆ చీపుర్లు ఎక్కువగా ఎవరి చేతుల్లో ఉన్నాయో మనకు తెలుసు. ఆ కుటుంబం ఓడ దిగి, మునిసిపాలిటీ కాంట్రాక్టరు దగ్గర అదే పనికి చేరితే ఏమవుతుంది? పని వాళ్లతో పాటు సముద్రం దాటింది. అంటరానితనం దాటింది. దాటనిది ఒక్కటే, సర్టిఫికెట్.

ఈ న్యాయసూత్రం స్థిరపడిన కేసు కూడా మన తెలుగువాడిదే. మర్రి చంద్రశేఖరరావు కేసు, 1990. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన విద్యార్థి మెడికల్ సీటు అడిగితే, ఒక రాష్ట్రపు హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో రాజ్యాంగ ధర్మాసనం ఉద్యోగాల విషయంలోనూ అదే మాట ఖాయం చేసింది. ఆ రెండో కేసులో ఎదుటి పార్టీ ఢిల్లీ జల్ బోర్డు, అంటే దేశ రాజధానిలో నీళ్లూ మురుగూ చూసే సంస్థ. కాకతాళీయమే, కానీ తగిన కాకతాళీయం.

కోర్టు తర్కం నాకు అర్థం కాక కాదు. రాజ్యాంగం 341వ అధికరణ రాష్ట్రాల వారీగా జాబితాలు పెట్టింది, ఎందుకంటే ఒకే పేరున్న కులం ఒక చోట ఊరవతల, ఇంకో చోట ఊళ్లో ఉండొచ్చు. ఆ మేరకు అది సబబే. కానీ జాబితాలో తమ కులం లేకపోవడం ఒకటి, అసలు జాబితాయే లేకపోవడం ఇంకొకటి. మహారాష్ట్రకు వెళ్లిన తెలుగు దళితుడికి అక్కడ మహార్, మాతంగ కులాలవారు తోడుంటారు, వాళ్ల పోరాటం ఉంటుంది, రిజర్వుడు వార్డు ఉంటుంది. అండమాన్‌లో ఏమీ ఉండదు. మునిసిపాలిటీలో ఎస్సీ వార్డులు జనాభా దామాషాలో ఇవ్వాలి. జనాభా సున్నా, కనుక వార్డులు సున్నా. ఎస్సీ ఉపప్రణాళిక నిధులూ జనాభా దామాషాలోనే. సున్నాలో దామాషా ఎంతో ఎవరైనా వేసి చూడొచ్చు. మురుగు కాలువ ఎటు తవ్వాలి, శుద్ధి కేంద్రం ఎవరి ఇళ్ల పక్కన పెట్టాలి, ఆ పని కాంట్రాక్టుకు ఇవ్వాలా పర్మినెంటు ఉద్యోగాలుగా ఉంచాలా అని తేల్చే కౌన్సిల్లో, ఆ పని చేసేవాళ్ల తరఫున ఎన్నికైన మనిషి ఒక్కరైనా ఉండి తీరాలన్న నిబంధన పుట్టడానికి ఆధారమే లేదు.

‘అండమాన్‌లో కులం లేదండీ, అదొక చిన్న భారతదేశం, అందరూ కలిసిపోయారు’ అని చెప్పేవాళ్లున్నారు. పూర్తిగా అబద్ధం కాదు. కాలాపానీ రోజుల్లో ఖైదీలుగా వచ్చి అక్కడే స్థిరపడినవాళ్ల పిల్లల్లో కులం కట్టు నిజంగానే సడలింది. కానీ అండమాన్ సమాజం జైలు నుంచి పుట్టింది, మన జైళ్ల మాన్యువళ్లలో ఏ పని ఏ కులానికి అని రాసి ఉండేది. పాకీ పని ఫలానా కులాల ఖైదీలకే ఇవ్వాలన్న నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది ఎప్పుడనుకున్నారు? 2024 అక్టోబరు 3న. పైగా ఇవాళ్టి పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కువమంది స్వాతంత్ర్యం తర్వాత వలస వచ్చినవాళ్లు. వాళ్లు కులాన్ని రేవులో వదిలి దిగారని నమ్మాలంటే, ముందు ఆ ఊళ్లో చీపురు పట్టేవాళ్లు ఏ కులాల నుంచి వచ్చారో లెక్క తీసి చూపించాలి. కులం లేదని అనేవాళ్లు ఆ లెక్కకు ఒప్పుకోరు. లెక్క తీయకపోవడమే వాళ్ల రుజువు.

ఈ మాట మన వైపు వాళ్లకూ చెప్పాలి. ‘మనుషులు చస్తుంటే పగడాల గోల ఎందుకు’ అని అడిగే మిత్రులున్నారు. ఆ కోపం నాకు తెలుసు. ఎందుకంటే ఈ దేశంలో చట్టం చూస్తే నిజంగానే ఒళ్లు మండుతుంది. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూలులో, పులితో సమానంగా ఉన్నాయి. పగడం ముక్క విరిచి తెచ్చుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఒక మనిషిని రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దింపితే 2013 చట్టం ప్రకారం మొదటి నేరానికి గరిష్ఠంగా రెండేళ్లు, లేదంటే 2 లక్షల జరిమానాతో సరి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

కానీ పగడం మన శత్రువు కాదు. ఆ రెండు చట్టాలూ ఒకే ఊళ్లో ఒకే కాలువ దగ్గర ఓడిపోతున్నాయి. పగడం ముక్క జేబులో వేసుకున్న పర్యాటకుడు విమానాశ్రయంలో దొరికిపోతాడు. రోజుకు 2 కోట్ల 30 లక్షల లీటర్లు వదిలేవాళ్లు దొరకరు. దిబ్బ చస్తే ముందు దెబ్బ తగిలేది ఎవరికి? హోటలు యజమాని ఇంకో దీవికి పోయి ఇంకో హోటలు కడతాడు. జంగ్లీఘాట్ మత్స్యకారుడికి ఇంకో సముద్రం లేదు. చేపలు గుడ్లు పెట్టేదీ పిల్లలు దాక్కునేదీ ఆ దిబ్బల్లోనే. మురుగు కలిసే ఒడ్డున వల ఉతికేదీ, ఆ నీళ్లలో పిల్లలు ఈదేదీ మన కుటుంబాలే. ఇక పోర్ట్ బ్లెయిర్‌లో తాగునీటి సంగతి. ఊరికి ప్రధాన ఆధారం ధనికారి డ్యామ్. ఏటా 3 వేల మిల్లీమీటర్ల దాకా వాన కురిసే చోట వేసవి వస్తే కుళాయి రోజు విడిచి రోజు కాదు, ఇంకా ఎక్కువ రోజుల ఎడంతో తిరుగుతుంది. మంచినీటికి కరువున్న ఊరు తన మురుగునీటిని మళ్లీ వాడుకోకుండా సముద్రంలో పారబోస్తోంది. దాహం వేసేది మాత్రం ట్యాంకరు కొనలేని ఇంటికి. 1927లో మహాడ్‌లో చవ్‌దార్ చెరువు దగ్గర జరిగింది నీటి పోరాటమే అని మనకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. మంచినీటి హక్కును మురుగునీటి నుంచి విడదీయలేం అన్నది మాత్రం మనం ఇంకా గట్టిగా చెప్పాలి.

వానల గురించి చెప్పాను కదా. ఆ వానల్లోనే సెప్టిక్ ట్యాంకుల అసలు బండారం బయటపడుతుంది. ‘మా ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉంది, మేం సముద్రంలోకి వదలడం లేదు’ అని చెప్పే ప్రతి ఇల్లూ నిజానికి వదులుతూనే ఉంది, కాస్త ఆలస్యంగా. ట్యాంకు నుంచి ఇంకుడు గుంటలోకి, గుంట నుంచి భూమి అడుగు నీళ్లలోకి, అక్కడి నుంచి ఒడ్డుకు. హవాయిలోని మావీ దీవిలో ప్రభుత్వం ఇదే వాదన చేసింది. మేం మురుగును సముద్రంలో పోయడం లేదు, భూమిలో బావులు వేసి అందులోకి ఎక్కిస్తున్నాం అంది. రంగు కలిపి చూస్తే ఆ నీళ్లే పగడాల దగ్గర తేలాయి. 2020లో అమెరికా సుప్రీంకోర్టు, భూమి గుండా పోయినా నేరుగా వదిలినదానితో సమానమైతే దానికీ అనుమతి తీసుకోవాల్సిందే అని తీర్పు చెప్పింది. మన దీవుల్లో ఇంకుడు గుంటను ఇంకా పరిష్కారం అనే పిలుస్తున్నారు.

ఇంకో ప్రశ్న. ఆ ట్యాంకు నిండితే ఎవరు దిగుతారు, లేదా ఎవరు లారీ తెస్తారు? లారీ వచ్చి లాక్కుపోయిందే అనుకుందాం. శుద్ధి కేంద్రమే లేని ఊళ్లో ఆ లారీ ఎక్కడ ఖాళీ అవుతుంది? సమాధానం కోసం పరిశోధన అక్కర్లేదు. వరంగల్ లాంటి ఊరు 2017లోనే సెప్టిక్ ట్యాంకుల మలాన్ని విడిగా శుద్ధి చేసే కేంద్రం పెట్టుకుంది. కోట్ల రూపాయల భూగర్భ డ్రైనేజీ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదని దాని అర్థం.

ఇవన్నీ పక్కన పెట్టి అండమాన్‌లో రాజ్యం మనసు ఎక్కడ ఉందో చూద్దాం. గ్రేట్ నికోబార్‌లో 72 వేల కోట్ల రూపాయల ప్రాజెక్టు. ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త నగరం. ఇప్పుడు 8 వేల మంది ఉన్న దీవికి చివరికి మూడున్నర లక్షల మంది వస్తారని అంచనా. 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. రేవు కట్టే చోట ఉన్న 20,668 పగడపు సమూహాల్లో 16,150ని పెకలించి వేరే చోట నాటుతారట. షోంపెన్లను, నికోబారీలను ఎక్కడ నాటుతారో వాళ్లనే అడగాలి. మూడున్నర లక్షల మంది అంటే పోర్ట్ బ్లెయిర్‌కు మూడింతలు. ఒక్క పోర్ట్ బ్లెయిర్ మురుగు దగ్గరే సున్నా రాసుకున్న పాలన, ఆ మూడింతల మురుగును కొత్త నగరంలో శుద్ధి చేస్తుందని మనం కాగితం చూసి నమ్మాలి. ఆ నగరంలో కాలువలు ఊడ్చడానికి ఏ తీరం నుంచి ఏ కులాలను ఓడెక్కిస్తారో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. అక్కడా వాళ్ల జనాభా సున్నాయే అవుతుంది.

శుద్ధి కేంద్రం వచ్చినంత మాత్రాన మన సమస్య తీరదన్నది కూడా దాచకూడదు. 2023 జూలైలో ఉత్తరాఖండ్‌లోని చమోలీలో మురుగు శుద్ధి కేంద్రంలోనే కరెంటు పాకి 16 మంది చనిపోయారు. శుద్ధి కేంద్రాల బావుల్లోకి పంపు బాగుచేయడానికి దిగి విషవాయువుకు బలైన కార్మికుల వార్తలు మనకు కొత్తేమీ కాదు. యంత్రం పెట్టి, దాన్ని నడిపే పనిని మళ్లీ ఔట్‌సోర్సింగ్‌లో, పీఎఫ్ లేకుండా, పాత కులాలకే అప్పజెబితే మారేది యూనిఫాం రంగు మాత్రమే. అందుకని పోర్ట్ బ్లెయిర్‌లో కట్టబోయే దేనికైనా టెండరు కాగితంలోనే ఒక షరతు రాయాలి. ఏ ట్యాంకులోకీ, ఏ మ్యాన్‌హోల్‌లోకీ మనిషి దిగే అవసరం లేని డిజైను ఉండాలి. సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుతూ, ఈ పనిని పూర్తిగా అంతం చేసే దిశగా అడుగులు వేయాలని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించింది. 2013 చట్టం కులం అడగదు. కనుక ఎస్సీ జాబితా లేదన్న సాకు అండమాన్ పాలకులకు ఇక్కడ పనికిరాదు.

ఆపరేటరు, ల్యాబ్ టెక్నీషియను, ఎలక్ట్రీషియను ఉద్యోగాలు పర్మినెంటుగా ఉండాలి. ఇవాళ కాలువ ఊడ్చేవాళ్ల పిల్లలకు వాటిలో శిక్షణా ముందు వరసా ఇవ్వాలి. ఖర్చు ఎవరిది అంటారా? ఆ పగడాలను చూపించి గదికి వేలు వసూలు చేసే హోటళ్లది ముందు. రాధానగర్ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిందని మన రుషికొండతో పాటు గొప్పగా చెప్పుకున్నారు. ఒక బీచి చుట్టూ నీళ్లు శుభ్రంగా ఉంచడం చేతనైనవాళ్లకు, జెండా ఎగరని ఒడ్డున కూడా చేతనవుతుంది. ఆ ఒడ్డున విదేశీ పర్యాటకుడు ఉండడు, మత్స్యకారుడు ఉంటాడు. అంతే తేడా.

వచ్చే జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2027లో లెక్క జరుగుతుంది. అండమాన్‌లోని తెలుగు, తమిళ, బెంగాలీ దళిత కుటుంబాలు ఎస్సీ గడిలో ఉండవు. కానీ కులం గడిలో తమ కులం పేరు రాయించుకోగలవు. మాల, మాదిగ, రెల్లి, ఏదైతే అది. ఎన్యూమరేటరు ‘ఇక్కడ ఎస్సీలు లేరు కదా’ అంటే, ఎస్సీ హోదా అడగడం లేదు, కులం చెబుతున్నాను, రాయమని పట్టుబట్టాలి. ఆ అంకె వచ్చాక అండమాన్ నికోబార్‌కు 341 కింద జాబితా కావాలని అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది. ఆంధ్రలో ఉన్న మన సంఘాలు ఈ రెండేళ్లలో పోర్ట్ బ్లెయిర్‌కు ఒక్కసారైనా వెళ్లాలి. విశాఖ నుంచి ఓడ ఉంది. మూడు రోజుల లోపే దిగుతారు. దిగగానే జంగ్లీఘాట్‌కు వెళ్లి, కాలువ సముద్రంలో కలిసే చోట నిలబడి, అక్కడ పని చేస్తున్నవాళ్లను ఏ ఊరి నుంచి వచ్చారని తెలుగులో అడిగి చూడండి.